ముద్దలు లెక్కపెట్టే సారు

మేకల పెద్దమ్మ ముందు ఎవరూ నోరెత్తకూడని సంగతులు రెండున్నాయి. ఒకటి మేకల మేత, రెండోది కడుపుతో ఉన్నవాళ్ళ తిండి. ఆ ఏడాది ఎండలు ముదిరేసరికి ఆ రెండూ కలిసి ఒకేసారి ఆవిడ నెత్తిన పడ్డాయి. దొడ్లో ముప్ఫై ఒక్క మేకలుంటే తొమ్మిది చూడివి. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క కోడలికి అయిదో నెల.

కోడలు బస్టాండు వీధిలో కళ్ళద్దాల కొట్టులో పనిచేసేది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. తొమ్మిదింటికి కొట్టు తెరవాలి. ఎనిమిదింటికే పెద్దమ్మ బల్ల మీద అన్నీ సర్దేసేది. రెండు ఉడకబెట్టిన గుడ్లు, గిన్నెడు చిక్కుడు గింజలు, ఆకుకూర, పొగలు కక్కే పాలు పెద్ద గ్లాసు నిండా. సర్ది ఊరుకుంటే బాగుండేది. వంటింటి గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని, కంచం ఖాళీ అయ్యేదాకా కాపలా కాసేది.

"పచ్చసొన వదిలేశావే."

"వదల్లేదత్తయ్యా, దాచాను."

"ఎవరికోసం?"

"మీకోసమే. రోజంతా కొండలెక్కుతారు కదా."

"నా సంగతి నేను చూసుకుంటాను గానీ, ముందు నీ కంచం సంగతి చూడు. ఇంకో గుడ్డు తెస్తానుండు."

లారీ తోలే కొడుకు పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. తల్లి చెప్పినదానికి తల ఊపేవాడు, పెళ్ళాం చెప్పినదానికీ తల ఊపేవాడు. రెండు రోజులు అలా ఊపి ఊపి, మెడ నొప్పితో మళ్ళీ బండెక్కేవాడు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆ ఎండల్లో వీధిలోని కుక్కలన్నీ డొక్కలెండి తిరుగుతుంటే, పక్కింటి పిల్లి మాత్రం నున్నగా, దిండులా తయారైంది. దానికి ఎవరు ఏం పెడుతున్నారో పెద్దమ్మకి అంతుపట్టేది కాదు.

అలాంటి రోజుల్లో పరిశోధన కేంద్రం నుంచి ఒక కుర్ర సారు వచ్చాడు. తాడిలా పొడుగు. చొక్కా లోపల మనిషున్నాడో లేడో తెలియనంత సన్నం. కళ్ళజోడు జారిపోకుండా దారంతో మెడకి కట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఎండాకాలం బీడు మీద చూడి మేకలు ఏం తింటాయో రాసుకోవాలి" అన్నాడు.

"గడ్డి తింటాయి. రాసుకో."

"అలా కాదు పెద్దమ్మా. ఒక్కో మేక వెనకాల అరగంట నడుస్తాను. అది ఏ మొక్కని ఎన్నిసార్లు కొరికిందో లెక్కపెడతాను. అది కొరికినట్టే నేనూ ఆ కొసలు తుంచి సంచుల్లో వేసుకుని, వాటిలో ఎంత బలం ఉందో కేంద్రంలో పరీక్ష చేయిస్తాను."

పెద్దమ్మ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"బాబూ, నువ్వీ పని చేస్తున్నట్టు మీ ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"తెలుసు పెద్దమ్మా. వాళ్ళూ ఇలాగే అడిగారు."

ఆ జవాబు ఆవిడకి నచ్చింది. కానీ అతను పెట్టిన షరతు నచ్చలేదు. రెండు నెలలపాటు మేకల్ని తోలకూడదట. వాటి ఇష్టానికి వదిలేసి, మనుషులే వాటి వెనకాల నడవాలట. ముప్ఫై ఏళ్ళుగా ముందు నడిచిన మనిషిని వెనక నడవమనడమా? కుదరదనబోయింది. అంతలో సారు, "ఈ చుట్టుపక్కల మందలన్నిటిలో మీ దగ్గరే కవలలు ఎక్కువ పుడతాయట కదా, అందుకే మీ దగ్గరికొచ్చాను" అన్నాడు. ఆవిడ రేపు పొద్దున్నే రమ్మంది.

ఆవిడ పద్ధతేమిటంటే, ఎండిపోయిన వాగు పక్క చదునులో మేపడం. అక్కడ పచ్చగా కాకపోయినా పసుప్పచ్చగానైనా మోకాలెత్తు గడ్డి ఉండేది. ఎదురుగా రాళ్ళ గుట్ట. దాని మీద ముళ్ళ పొదలు, అక్కడక్కడా రేగు చెట్లు, నాలుగైదు తుమ్మలు తప్ప ఏమీ లేవు. మేకలు ఎప్పుడూ ఆ గుట్ట వైపే మూతి తిప్పేవి. చూడి మేకలు రాళ్ళెక్కి జారిపడితే ఏమైనా ఉందా అని, అదిలించి మళ్ళీ గడ్డిలోకి తోలడమే ఆవిడకి రోజంతా పని. కడుపు నిండా మేత ఇక్కడుంటే, ముళ్ళలో ఏరుకుతింటామనే ఆ మొండితనం ఏమిటో ఆవిడకి ఏనాడూ అర్థం కాలేదు.

మొదటిరోజు కర్ర చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. మేకపోతూ, చూడి కాని మేకలూ చదునులోనే గడ్డి నములుతూ ఉండిపోయాయి. చూడి మేకలు కాసేపు గడ్డిలో మూతిపెట్టి, ఒకదాని వెనక ఒకటి గుట్ట ఎక్కాయి. ముందు నడిచింది పెద్దవ్వ. చెవి చిరిగిన ముసలి మేక అది, మంద మొత్తానికీ అదే దారి.

సారు దాని వెనకాల వంగి వంగి నడిచాడు. చేతిలో ఇమిడిపోయే చిన్న లెక్క మిషనుంది. నొక్కితే టిక్కుమని ఒక అంకె జరుగుతుంది. పెద్దవ్వ కొరికితే టిక్కు, మళ్ళీ కొరికితే టిక్కు. అది తలెత్తి చూస్తే సారు కూడా తలెత్తి చూసేవాడు.

"అదేం చూస్తోందో అదీ రాసుకుంటావా సారూ?"

"రాసుకుంటాను పెద్దమ్మా."

"మరి నువ్వు పొద్దున్న ఏం తిన్నావో ఎవరు రాసుకున్నారు?"

రెండు బిస్కెట్లు తిన్నానని ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచి ఆవిడ అతనికీ ఒక డబ్బా తేవడం మొదలుపెట్టింది. కోడలు వదిలేసిన గుడ్డుకి దారి దొరికింది. ముద్దల సారు అనే పేరు కూడా ఆ వారంలోనే ఊరంతా పాకింది.

నాలుగో రోజు ఒక ప్రమాదం జరిగింది. సారు గుట్ట కింద వంగి, మేక తుంచినట్టే ఆకు తుంచుతున్నాడు. ఆ వంగుడు పోతుకి ఎలా తోచిందో ఏమో, నాలుగడుగులు వెనక్కేసి పరిగెత్తుకొచ్చి ఒక్కటిచ్చింది. మనిషికి ఏమీ కాలేదు గానీ కళ్ళజోడు రాయి మీద పడి ఒక అద్దం పగిలింది. పోతుని కర్రతో తరిమి, పెద్దమ్మ అతన్ని లేపి కూచోబెట్టింది.

"ఈ పూట లెక్క పోయింది. ఆకులన్నీ ఒకటిగా కనిపిస్తున్నాయి" అన్నాడు సారు.

"నాకు కనిపిస్తున్నాయిగా. నువ్వు నొక్కు, నేను చెప్తాను."

బండ మీద కూచున్నచోటి నుంచే ఆవిడ మొదలుపెట్టింది. "పొద కొస. ఇంకో కొస. అదే పొద, కానీ లేత చిగురు. తుమ్మకాయ. తుమ్మకాయ. గడ్డి. నోట్లోంచి వదిలేసింది, అది కొట్టెయ్యి. రేగాకు." యాభై అడుగుల దూరంలో ఉన్న మేక మూతిలో ఏముందో పొల్లుపోకుండా చెప్తుంటే, సారు మిషను నొక్కుతూ నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

మధ్యాహ్నం అద్దం వేయించుకోవడానికి కొట్టుకి వెళ్ళాడు. వేసేది కోడలే. అద్దం అరిగేలోపు అతను ఊరుకోకుండా తన లెక్కలన్నీ చెప్పేశాడు. చూడి కాని మేకలు నూరు ముద్దలు తింటే అందులో అరవై గడ్డేనట. చూడివి, అందులోనూ ఈనడానికి దగ్గరపడ్డవి, ఇరవై కూడా గడ్డి తినడం లేదట. పిల్లలు పెరిగేకొద్దీ పొట్టలో మేతకి చోటు తగ్గిపోతుంది, అందుకని తక్కువ తిన్నా బలమున్నదే ఏరుకుంటున్నట్టుంది అన్నాడు. లేత కొసల్లో, కాయల్లో ప్రోటీన్ ఎక్కువట. ఎండుగడ్డిలో పొట్టు తప్ప ఏమీ లేదట.

"అంటే వాటికేం కావాలో వాటికే తెలుసంటారు" అంది కోడలు.

"పూర్తిగా కాదు. కానీ మనం అనుకునేదానికంటే ఎక్కువే తెలుసు."

రెండో వాక్యం కోడలు జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చింది. మొదటిది కొట్టులోనే మర్చిపోయింది.

మర్నాడు ఉదయం గుడ్డు కంచంలో పడీ పడకముందే అందుకుంది. "అత్తయ్యా, మీ మేకలు నడుస్తున్న పుస్తకాలట. సారు చెప్పారు."

"నేను చెప్పలేదా ఎప్పుడూ?" పెద్దమ్మ మొహం వెలిగిపోయింది.

"గడ్డి దగ్గరికి తోలినా మాట వినకుండా తమకి కావలసింది ఏరుకుంటాయట."

"ఏరుకోవూ మరి. నా మందలో పుట్టినవి."

"నన్ను కూడా ఒక నెల అలా గుట్ట మీదికి వదిలేద్దురూ."

దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియడానికి పెద్దమ్మకి ఒక నిమిషం పట్టింది. తెలిశాక ఊరుకోలేదు. "పట్నమ్మని చూశావా? అదీ చూడిదే. దాని ఇష్టానికి వదిలితే ఏం ఏరుకుంది? పీచు గడ్డి ఏరుకుంది, డొక్కలు తేలేసింది. పట్నం నుంచి వచ్చినవాటికి ఏం తెలుస్తుందమ్మా?"

పట్నమ్మ అంటే ఆ శీతాకాలంలో పట్నంలో ఒక షెడ్డు నుంచి కొని తెచ్చిన తెల్ల మేక. కోసి తెచ్చిన గడ్డి తొట్టిలో తిని పెరిగింది. మిగతావి గుట్ట ఎక్కితే అది కిందే నిలబడి, గడ్డి తింటూ పైకి చూస్తూ అరుస్తుండేది.

కోడలిదీ పట్నమే. మామూలుగా అయితే మాటకి మాట తిరిగిచ్చే పిల్ల, తలొంచుకుని రెండు గుడ్లూ తిన్నది, గింజలు తిన్నది, పాలు గుక్క తిప్పుకోకుండా తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. వీధి చివర కాలువ దగ్గర వంగి, తిన్నదంతా కక్కుకోవడం పెద్దమ్మ గుమ్మంలోంచి చూసింది. ఆమె మూతి తుడుచుకుని, వెనక్కి తిరగకుండా కొట్టు వైపు నడిచింది.

ఆరోజు మేకల వెనకాల నడుస్తూ పెద్దమ్మ, ఎండ నడినెత్తికెక్కాక సారునడిగింది.

"ఆ తెల్లదానికి ఎందుకు తెలియదు సారూ? దానికి బుద్ధి తక్కువా?"

"బుద్ధికేం లోటు లేదు పెద్దమ్మా. పిల్లగా ఉన్నప్పుడు తల్లి మూతి దగ్గర మూతి పెట్టి, తల్లి ఏది కొరికితే అది కొరుకుతుంది. అలా మొదలవుతుంది. తిన్నాక ఒంటికి బాగుంటే మళ్ళీ దాని దగ్గరికి వెళ్తుంది, బాగోకపోతే వదిలేస్తుంది. దీని తల్లి ఎప్పుడూ పొద చూడలేదు. ఎవరూ చూపించనిది దీనికెలా తెలుస్తుంది?"

"కట్టేసి నేనే తుంచి పెడతాను."

"పెట్టొచ్చు. కానీ మీరు పెట్టినన్నాళ్ళే తింటుంది. పెద్దవ్వ పక్కన వదలండి. కాస్త టైమివ్వండి."

ఆవిడ తెల్లమేక మెడకి తాడు వేసి, గుట్ట పైదాకా నడిపించి, పెద్దవ్వ పక్కన తాడు విప్పేసింది. మొదటి రెండు రోజులూ అది ముళ్ళు చూసి బెదిరింది. మూడోరోజు పెద్దవ్వ నోట్లో సగం వేలాడుతున్న కొసని అవతలి నుంచి లాక్కుంది. నమిలింది, ఉమ్మేసింది. పెద్దవ్వ ఒక్క పోటు పొడిచి తన దారిన తాను పోయింది. అయిదోరోజు అదే పొదలో ఒక ఆకు తనే తుంచింది. ఒకటి తిని ఆగింది. మర్నాడు నాలుగు. వారం తిరిగేసరికి తుమ్మ కింద కాయల కోసం మిగతావాటిని భుజంతో తోసేస్తోంది. చిగురు కోసం ఒక సాయంత్రం వెనక కాళ్ళ మీద నిలబడింది కూడా. నిలబడ్డం కొత్త కదా, వెంటనే కూలబడింది.

పెద్దమ్మ అది చూసి నవ్వింది. నవ్వాక మనసు ఒక పట్టాన కుదుటపడలేదు. ఆ వారమంతా కోడలు పెట్టింది పెట్టినట్టు తింటోంది, ఎదురు మాట్లాడడం లేదు. ఇల్లు చప్పబడిపోయింది.

"సారూ, ఆ మిషను ఒక పూట ఇస్తావా?" అని అడిగింది.

మర్నాడు మధ్యాహ్నం మేకల్ని సారుకి అప్పజెప్పి బస్టాండు వీధికి వెళ్ళింది. కొట్టు యజమాని భోజనానికి ఇంటికెళ్ళాడు. కోడలు లోపల అరగదీసే మిషను దగ్గర ఉంది. పెద్దమ్మ చప్పుడు చేయకుండా ఫ్రేముల అద్దాల బీరువా వెనక, గిరాకీలు కూచునే బెంచీ మీద సర్దుకుంది. కాసేపటికి కోడలు చేతులు కడుక్కుని డబ్బా తెరిచింది. పొద్దున్న గిన్నెలో మిగిలిన చిక్కుడు గింజలే. వాటి మీద నిమ్మకాయ పిండి, ఉల్లిపాయ తరిగి కలుపుకుంది. కాగితం పొట్లంలోంచి ఉడికిన గుడ్డు తీసి, మిరియాల పొడి చల్లింది. పక్కన నారింజ పండ్లు రెండు పెట్టుకుంది.

తినడం మొదలుపెట్టింది. బీరువా వెనక టిక్కుమంది. మళ్ళీ టిక్కుమంది. గుడ్డుకి నాలుగు టిక్కులు, పచ్చసొనతో సహా. గింజలకి ఇరవై దాటాయి. కోడలు నారింజ ఒలిచి, తలెత్తకుండానే అడిగింది.

"అత్తయ్యా, తొన తొనకీ ఒక ముద్దా, లేక పండంతా కలిపి ఒకటా?"

"సారు అయితే కొరికిన ప్రతిసారీ ఒకటంటాడు" అంది పెద్దమ్మ బీరువా వెనక నుంచే.

"అయితే ఇటొచ్చి కూచోండి. అక్కడ్నించి లెక్క తప్పుతుంది."

పెద్దమ్మ వచ్చి ఎదురుగా కూచుంది. "పొద్దున గుడ్డు చూస్తే మొహం తిప్పుకుంటావు కదే?"

"పొద్దున కడుపులో తిప్పుతుందత్తయ్యా. మధ్యాహ్నానికి ఆకలి దంచేస్తుంది. రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ మీరు ఇంకో గుడ్డు తేవడానికి లోపలికెళ్ళారు."

"మరి పాలు?"

కోడలు తొన నోట్లో పెట్టుకుని తీరిగ్గా నమిలింది. "పక్కింటి పిల్లి కూడా కడుపుతో ఉందనుకున్నాను."

"అది మగపిల్లి."

"తర్వాత తెలిసింది."

పెద్దమ్మ నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. ఇద్దరూ నవ్వుకున్నాక కోడలు సంచిలోంచి క్లినిక్కు కార్డు తీసి ఇచ్చింది. బరువు ఎలా పెరుగుతోందో నర్సు నెలనెలా రాసింది, ఎక్కడా తగ్గలేదు. పెద్దమ్మ కార్డు తీసుకుని, చెయ్యి చాచినంత దూరం చాచి, కళ్ళు చికిలించింది. కోడలు ఆ చెయ్యి వంక చూసింది. ఆవిడని పరీక్ష కుర్చీలో కూచోబెట్టి, బరువైన ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఒక్కో అద్దం మార్చడం మొదలుపెట్టింది.

"గుట్ట మీద మేక ఏ ఆకు కొరికిందో చెప్తారు. ఎదురుగా ఉన్నది మాత్రం కనిపించదు. ఎన్నాళ్ళ నుంచి?"

"నువ్వు నన్ను అంటున్నావా, నా కళ్ళని అంటున్నావా?"

"ప్రస్తుతానికి కళ్ళనే."

అద్దాలు అరుగుతున్నంతసేపూ పెద్దమ్మ ఆ బెంచీ మీదే కూచుంది. మిషను చప్పుడులో మాట్లాడటం తేలిగ్గా ఉంది. "ఆరోజు పట్నం మాట అన్నాను. అనకూడదు. నోరు జారింది" అంది. కోడలు అద్దం మీంచి చూపు తిప్పలేదు గానీ తల ఊపింది.

"నీ మొగుడు నా కడుపులో ఉన్న ఏడాది చినుకు పడలేదు" అంది మళ్ళీ పెద్దమ్మ. "మా అత్త గంజి పెట్టేది. పొద్దునా గంజే, సాయంత్రమూ గంజే. ఆవిడ తప్పు కాదు, ఉన్నది అదే. నాకేమో పులుపు కోసం నాలుక పీకేసేది. మేకల వెనక గుట్టెక్కి, అవి తినగా మిగిలిన రేగుపళ్ళు ఏరుకు తినేదాన్ని. లేత చిగుళ్ళు కూడా తుంచి నమిలాను. మేక తినేది మనిషి తింటుందా అని అత్త అంటుందని ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ వానలు పడ్డాక, ఆ గుట్ట మీదికి మేకల్ని వెళ్ళనివ్వలేదు. ఆ ఏడాది గుర్తొస్తుందని. గడ్డి ఉన్నప్పుడు గుట్టెందుకని."

కోడలు మిషను ఆపింది. "మీ అబ్బాయికి కూడా చెప్పలేదా?"

"వాడు అసలే పోతులా ఉంటాడు. ఎందుకలా ఉన్నాడో వాడికి తెలియకపోవడమే మంచిది."

ఆ మర్నాటి నుంచి ఎనిమిదింటికి బల్ల మీద ఎండు రొట్టె, నిమ్మకాయ నీళ్ళు మాత్రమే ఉండేవి. మిగతాదంతా డబ్బాలోకి ఎక్కేది. పక్కింటి పిల్లి నాలుగు రోజులు కిటికీ దగ్గర కూచుని చూసి, మానేసింది. కోడలు నెమ్మదిగా వాదించడం మళ్ళీ మొదలుపెట్టింది. ఒకరోజు రేగుపళ్ళు కావాలంది. పెద్దమ్మ చెట్ల కింద రాలి ఎండినవి కొంగు నిండా తెచ్చి, కొత్త కళ్ళజోడు పెట్టుకుని పురుగున్నవి ఏరి పారేసింది.

రెండు నెలల గడువు ముగిశాక సారు సంచులన్నీ కట్టుకుని సెలవు తీసుకున్నాడు. ఏరుకున్న కొసల్లోని ప్రోటీన్, ఆ బీడు మీద దొరికే మేత సగటు కంటే రెట్టింపు వచ్చిందట. కాగితాల్లో సాయం చేసినవాళ్ళ వరసలో పెద్దమ్మ పేరు రాశానన్నాడు. పెద్దవ్వ పేరు కూడా రాయమని ఆవిడ పట్టుబట్టింది. మేకల పేర్లు రాయరని చెబితే, "నీకంటే పని అదే ఎక్కువ చేసింది" అంది. వెళ్ళేటప్పటికి సారు చొక్కా లోపల మనిషున్నట్టు తెలుస్తోంది.

వానలకి ముందు తొమ్మిది మేకలూ ఈనాయి. పద్నాలుగు పిల్లలు. పట్నమ్మకి ఒక్కటే, తల్లిలా తెల్లగా పుట్టింది. నాలుగో వారానికల్లా అది తల్లి మూతి దగ్గర మూతి పెట్టి ముళ్ళ పొదలో వెతకడం మొదలుపెట్టింది.

కోడలికి వానల్లో ఆడపిల్ల పుట్టింది. క్లినిక్కులో ఇరుకు గది, రెండు మంచాలు. లారీ ఎక్కడో వదిలేసి పరిగెత్తుకొచ్చిన కొడుకు పిల్లని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. తెల్లకోటు నర్సు లోపలికొచ్చి, ఇంట్లో పెద్దావిడ మీరేనా, తల్లికి ఈ పూట ఏం పెట్టమంటారు అని పెద్దమ్మనడిగింది. పెద్దమ్మకి చెప్పడానికి పదకొండు వస్తువులు సిద్ధంగా ఉన్నాయి. నోరు తెరిచింది, కోడలి వంక చూసింది, మూసింది.

"నన్నెందుకమ్మా అడుగుతారు, తినే మనిషి అక్కడే ఉంటే" అంది.

కోడలు దిండు మీంచి తల తిప్పి, వేడిగా పాలు కావాలంది. పెద్ద గ్లాసు నిండా.